పాత గుడికి సిమెంటు వేద్దామా, వద్దా? – మీ ఉత్తరాలకు జవాబులు

శివరాత్రి జాతరలు అయిపోయాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత గుళ్ళ గురించే ఉన్నాయి. సిరొంచ, అహేరి, బల్లార్షా, దెగ్లూరు, అన్నీ మహారాష్ట్రలో మన తెలుగు ఇళ్ళున్న ఊళ్ళే. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఐదు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది, మిగతావాళ్ళు అడిగినవి కూడా చాలావరకు అందులోనే ఉన్నాయి కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

ప్రశ్న: సార్, నమస్తే. మాది సిరొంచ తాలూకా. మేము పద్మశాలీలం. శివరాత్రికి మా అమ్మను తీసుకుని మార్కండా జాతరకు వెళ్ళాం. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో వెళ్ళిందట, మళ్ళీ ఇప్పుడే. చుట్టూ పడిపోయిన చిన్న గుళ్ళు, ముక్కూ చేతులూ పోయిన బొమ్మలు చూసి అక్కడే కూర్చుని ఏడ్చింది. పెద్ద గుడి పని ఏళ్ళ తరబడి సాగుతోందని అక్కడివాళ్ళు అన్నారు. మా కులానికి మార్కండేయుడు మూలపురుషుడు, ఆయన గుడి ఇలా ఉంటే మాకు తలవంపులు కాదా? మా సంఘం వాళ్ళం చందాలు వేసుకుని, మేస్త్రీలను తీసుకెళ్ళి బాగు చేయిస్తే ఒప్పుకోరా? ఇంకో మాట. మా ఊరి చెరువు గట్టు మీద చిన్న రాతి శివాలయం ఉంది. వానాకాలం లోపల నీళ్ళు కారుతాయి. పైన స్లాబు వేసి, గోడలకు సిమెంటు పూసి, రంగులు వేద్దామని కమిటీ అంటోంది. వేయొచ్చా?

జవాబు: తమ్ముడూ, మీ అమ్మగారి ఏడుపు నాకు అర్థమైంది. మార్కండా చూసి కళ్ళు చెమర్చని మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. అక్కడ వైనగంగ ఉత్తరానికి తిరిగి పారుతుంది, గుళ్ళు దాని ఒడ్డునే. ఆ నీళ్ళే కిందికి వచ్చి వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతాయి, మీ సిరొంచ పక్కన గోదావరిలో కలుస్తాయి, ఎదురుగా కాళేశ్వరం. ఎగువన యముడి పాశం నుంచి బయటపడ్డ మార్కండేయుడి గుడి, దిగువన ఒకే పానవట్టం మీద యముడికి ఒక లింగం, శివుడికి ఒక లింగం. మీ అమ్మగారు ఏ రేవులో దిగి కాళ్ళు కడుక్కున్నా అవి మార్కండేయుడి గుడి ముందు నుంచి వచ్చిన నీళ్ళే. అందుకే ఆ గుడి చామోర్శీ తాలూకాది, మనకు సుమారు రెండొందల కిలోమీటర్ల దూరం, మనకెందుకులే అని సిరొంచ వాళ్ళు అనుకోకపోవడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇక మీ ప్రశ్న. ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మార్కండా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, నాగపూర్ సర్కిల్ కిందికి వస్తుంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం అలాంటి చోట అనుమతి లేకుండా ఒక్క రాయి కదిపినా నేరం. 2010లో ఆ చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చుట్టూ వంద మీటర్ల లోపల కొత్త కట్టడం కట్టకూడదు, ఆపైన మరో రెండొందల మీటర్ల వరకు అనుమతి తీసుకునే కట్టాలి. పూజలకు మాత్రం అడ్డు లేదు, జాతర మీరే చూశారు కదా. మీ సంఘం డబ్బు ఇవ్వాలనుకుంటే దానికీ దారి ఉంది. 1996లో పెట్టిన జాతీయ సాంస్కృతిక నిధి అనేది కేంద్ర సాంస్కృతిక శాఖ కింద నడుస్తుంది, ఫలానా కట్టడం కోసమే అని చెప్పి దానికి విరాళం ఇవ్వొచ్చు. ముందు నాగపూర్ సర్కిల్ ఆఫీసుకు సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయండి. ఏ పని జరుగుతోంది, ఏది ఆగింది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు కింద అడగండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కోపంగా రాయకండి, తెలుసుకోవాలని ఉన్నట్టు రాయండి. పది ఊళ్ళ నుంచి పది ఉత్తరాలు వెళితే ఆ ఫైలు బీరువాలో పడుకోదు.

ఆలస్యం ఎందుకు అంటారా? 1870ల్లో పురావస్తు శాఖ తొలి అధిపతి అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ వచ్చి చూసేనాటికే ఆ గుళ్ళు దెబ్బతిని ఉన్నాయి. ఒకే ప్రహరీలో చిన్నవీ పెద్దవీ ఇరవై దాకా గుళ్ళున్నాయని ఆయన రాశాడు. అంతకు చాలా ముందే పిడుగు పడి పెద్ద గుడి శిఖరం పైభాగం మండపం మీద కూలిందని, తర్వాత ఒక గోండు రాజు లోపల బరువైన స్తంభాలు నిలబెట్టి మండపాన్ని ఆపాడని చెబుతారు. ఆ రాజు చేసింది చూడటానికి మొరటుగా ఉంటుంది, చెక్కడాల మధ్య నున్నటి రాళ్ళు. కానీ ఆయన ఆపకపోతే ఈరోజు మనం చూడటానికి ఏమీ ఉండేది కాదని నేననుకుంటాను. అంటే ఇప్పుడు పని చేసేవాళ్ళ ముందున్నది వెయ్యేళ్ళ నాటి గుడి ఒక్కటే కాదు, పిడుగు దెబ్బ, గోండు రాజు మరమ్మతు, ఆ తర్వాత వేసిన అతుకులు కూడా. అలాంటి శిఖరాన్ని విప్పాలంటే ప్రతి రాయినీ బొమ్మగీసి, నంబరు వేసి, వరుసలో కింద పేర్చి, పగిలినదానికి జోడు వెతికి మళ్ళీ ఎక్కించాలి. ఒక్క వరుసలో ఒక్క రాయి తప్పుగా కూర్చుంటే పైన వచ్చేవన్నీ తప్పుతాయి. ఇది ఆరునెలల్లో అయ్యే పని కాదు. అలాగని ఏళ్ళ తరబడి అడిగేవాడు లేకుండా పడి ఉండాల్సిన పనీ కాదు, విప్పిన గుడి వానలో నానితే కూలిన గుడి కంటే తొందరగా పాడవుతుంది. అందుకే అడుగుతూ ఉండాలి అంటున్నాను.

ఇప్పుడు మీ చెరువు గట్టు శివాలయం. దీని గురించి నాకు నిద్ర పట్టని ఒక జ్ఞాపకం ఉంది, చెబుతాను. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇలాంటిదే గుడి. నేను సివిల్ పని నేర్చుకుని కొత్తగా ఊరికి వచ్చిన రోజులు. పైన కారుతోందని ఊరంతా అడిగితే నేనే ముందుండి పైకప్పు మీద సిమెంటు కాంక్రీటు పోయించాను, గోడల సందుల్లో సిమెంటు కూరించాను, లోపల టైల్స్ వేయించాను. మూడేళ్ళు అందరూ మెచ్చుకున్నారు. నాలుగో ఏడు గర్భగుడి లోపలి గోడల మీద తెల్లగా ఉప్పు పూసింది. తర్వాత ద్వారం పక్కనున్న ద్వారపాలకుడి మొహం పొరలు పొరలుగా రాలింది. ఆ మొహం ఎన్ని వందల ఏళ్ళు నిలిచిందో, నా చేతుల మీదుగా పదేళ్ళలో పోయింది. ఎవరూ నన్ను తిట్టలేదు, అదే ఇంకా బాధ.

ఎందుకు అలా అయింది? పాత రాతిగోడ తడి పీల్చుకుంటుంది, సందుల గుండా మళ్ళీ బయటికి వదిలేస్తుంది. సందులు సిమెంటుతో మూస్తే తడి బయటికి పోవడానికి ఆ దారి ఉండదు, రాయి ముఖం గుండానే రావాలి. వస్తూ వస్తూ సిమెంటులోని ఉప్పును మోసుకొస్తుంది, అది రాయి చర్మం కింద గడ్డకట్టి ఆ చర్మాన్ని ఊడగొడుతుంది. పైగా సిమెంటు పాత రాయి కంటే బిగువు. ఎండకు వానకు రాయి కొంచెం కదలాలనుకుంటే సిమెంటు కదలనివ్వదు, చివరికి పగిలేది రాయే. పైకప్పు మీద స్లాబు అంటే ఆ పాత స్తంభాలు ఎన్నడూ మోయని కొత్త బరువు. ఇనుప కడ్డీ తుప్పుపట్టి ఉబ్బితే దాన్ని పొదిగిన రాయి చీలుతుంది. ఆయిల్ పెయింటు సంగతీ ఇంతే, లోపలి తడిని బంధిస్తుంది, పైన చెక్కడం గీతలన్నీ పూడుకుపోతాయి.

అందుకని కమిటీ వాళ్ళకు నా మాటగా ఇది చెప్పండి. ముందు నీళ్ళ సంగతి చూడండి. గుడి పాడయ్యేది ముప్పాతిక వంతు నీళ్ళ వల్లే. ఇంతకీ మీరు చేయాల్సిన మొదటి పనికి పైసా ఖర్చు లేదు. సోమసూత్రం చూడండి, అభిషేకం నీళ్ళు బయటికి పోయే ఆ తూము పూడుకుపోయి ఉంటుంది, నూటికి తొంభై పాళ్ళు ఉంటుంది. పూడితే రోజూ పోసే బిందెల నీళ్ళన్నీ పునాదిలోకే పోతాయి. రెండోది, గుడి చుట్టూ మట్టి ఎంత ఎత్తు పెరిగిందో చూడండి. ఏళ్ళ తరబడి మట్టి పేరుకుని, దానిమీద ఎవరో సిమెంటు బల్లలు వేసి ఉంటారు, వాన నీళ్ళు బయటివైపు పోవాల్సింది గోడవైపు వస్తాయి. ఒక పక్కన మట్టి తీసి వాలు ఇచ్చి నీళ్ళను చెరువులోకి మళ్ళించండి. పునాది రాళ్ళు కనిపించగానే ఆగిపోండి, వాటి కిందికి తవ్వకండి. మట్టిలో చెక్కిన రాయి తగిలితే అక్కడే వదిలి ఫొటో తీయండి.

పైకప్పు కారడం ఆపాలంటే డంగు సున్నం కావాలి. బాగా మగ్గిన సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి, కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి నలగ్గొట్టి, పైన పలచగా పరిచి, చెక్కలతో రోజుల తరబడి కొట్టాలి. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు కానీ లేకపోలేదు, పాత గఢీల, బావుల మరమ్మతులు చేసిన ముసలివాళ్ళను అడగండి. సున్నం తొందరగా గట్టిపడదు, వానలకు ముందు కనీసం రెండు నెలలైనా టైము ఉండేలా చూసుకోండి. ఇంత చేసే స్తోమత ఈ ఏడు లేకపోతే పైన రేకుల షెడ్డు వేయండి, దాని కాళ్ళు గుడికి తగలకుండా దూరంగా నేలలో పాతాలి. అందంగా ఉండదు, ఉండక్కర్లేదు, రేపు తీసేయొచ్చు. గుడికి చేసే ఏ పనైనా తర్వాత వచ్చేవాడు తీసేయగలిగేలా ఉండాలి. నేను పోయించిన కాంక్రీటును ఇప్పుడు తీద్దామంటే దానితో పాటు రాయీ వస్తోంది.

కప్పు మీద మొలిచిన రావి, జువ్వి మొక్కల గురించి మీరు రాయలేదు కానీ ఉండే ఉంటాయి. పక్షులు రెట్టలో గింజ వేస్తాయి, రాళ్ళ సందులో వేరు వెంట్రుకంత సన్నగా దిగుతుంది, పదేళ్ళకు మణికట్టంత అవుతుంది. వేలెడంత ఉన్నప్పుడే, నేల మెత్తగా ఉండే వానాకాలంలో వేరుతో సహా లాగేయాలి. పెద్దదైపోతే లాగకండి, వేరుతో పాటు రాళ్ళూ వస్తాయి. మొదలు దగ్గర కోసేసి, చిగురు వచ్చినప్పుడల్లా తుంచుతూ పోతే వేరు ఎండుతుంది, ఎండిన వేరు వదిలిన ఖాళీలో సున్నం నింపాలి. రావిచెట్టు కొట్టడం పాపమని ఊళ్ళో పెద్దలు అడ్డుపడతారు. వాళ్ళ మాట తీసేయకండి. చిన్న మొక్కలను వేరుతో తీసి చెరువు గట్టు మీద నాటండి, వాళ్ళ చేతే నాటించండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఆ గుడి ఎవరిదో తేల్చుకోండి. తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి దగ్గర ఆ స్థలం సాత్‌బారా (భూమి రికార్డు) తీయించండి. ట్రస్టు ఉంటే ధర్మాదాయ ఆయుక్తుల ఆఫీసులో నమోదై ఉంటుంది. రాష్ట్ర పురావస్తు శాఖ జాబితాలో ఉంటే 1960 నాటి మహారాష్ట్ర చట్టం వర్తిస్తుంది, వాళ్ళ అనుమతి లేకుండా సున్నం కూడా వేయకూడదు. ఏ జాబితాలోనూ లేకపోతే గ్రామసభలో తీర్మానం చేసి, ఫొటోలు జతపరచి, రాష్ట్ర పురావస్తు శాఖకు ఒకసారి వచ్చి చూడమని అర్జీ పెట్టండి. జాబితాలో లేని గుడైతే నీళ్ళు మళ్ళించడానికి, మొక్కలు పీకడానికి మాత్రం ఎవరి కోసమూ ఆగకండి. నీళ్ళ పని ఈ వేసవిలోనే చేయండి, మొక్కల పని వానలు పడగానే.

ప్రశ్న: అన్నయ్యా, మేము నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉంటాం. మా ఊరి గుడి హేమాడ్‌పంతీ అని అందరూ అంటారు. గడప పక్కన ఒక రాతి మీద అక్షరాలున్నాయి. అది ఏ భాషో ఎవరికీ తెలియదు. పండగలకు దానికి సున్నం, పసుపు పూస్తారు. చదివించాలంటే ఎలా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ సున్నం, పసుపు పూయడం ఆపించండి. పక్కనే ఒక చిన్న పీట వేసి దానికి పూయమనండి, పూజ మానమని చెప్పకండి. ఉన్న పూతను గీకొద్దు, ఇనుప బ్రష్షు, యాసిడ్ అసలే వద్దు.

హేమాడ్‌పంతీ అనే పేరు పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవ రాజుల మంత్రిగా ఉన్న హేమాద్రి పేరు మీద వచ్చింది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, బరువుతోనూ గాడులతోనూ నిలబెట్టిన పాత గుడి ఏది కనిపించినా మహారాష్ట్రలో ఆ పేరే పెట్టేస్తారు. వాటిలో చాలా గుళ్ళు ఆయన పుట్టకముందువి. మీ తాలూకాలోనే హొట్టల్ సిద్ధేశ్వరాలయం ఉంది కదా, అది చాళుక్యుల కాలం నాటిది. మీ ప్రాంతం కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉంది కాబట్టి మీ రాతి మీది అక్షరాలు పాత కన్నడం కావడానికి ఎక్కువ అవకాశం. మన పాత తెలుగు లిపీ దానికి చాలా దగ్గర, అందుకే చూడగానే తెలిసినట్టే ఉండి చదవబోతే అందదు.

ఫొటో ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు తీస్తే ఏమీ రాదు. పొద్దున్నే లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో తీయండి. ఇంకా బాగా రావాలంటే రాత్రి చీకట్లో టార్చిలైటు రాయికి ఒక పక్క నుంచి ఆనించినట్టు పట్టి తీయండి, అరిగిపోయిన అక్షరం కూడా నీడతో లేచి నిలబడుతుంది. పక్కన ఒక స్కేలు పెట్టండి. సుద్దతో అక్షరాలు దిద్దకండి, దిద్దినవాడు తనకు తోచిన అక్షరం దిద్దుతాడు, చదివేవాడు అదే చదువుతాడు. ఆ ఫొటోలు మైసూరులో ఉన్న పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. వాళ్ళు వచ్చి తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీసుకుంటారు. చాలా శాసనాల్లో ఎవరు ఎంత భూమి ఇచ్చారు, దీపానికి నూనె ఎవరు పోయాలి అన్నది రాసి ఉంటుంది. మీ ఊరి పాత పేరు అందులో ఉన్నా ఉండొచ్చు. చదివించాక నాకు తప్పకుండా రాయండి, ఎదురుచూస్తాను.

ప్రశ్న: మా ఊరి అవతల అడవిలో పాత గుడి. అమావాస్య రాత్రి ఎవరో నందిని పక్కకు దొర్లించి కింద నడుం లోతు గొయ్యి తవ్వారు. గుప్తనిధి ఉందంటున్నారు. పోలీసులకు చెబితే మా మీదికే వస్తుందేమోనని అందరికీ టెన్షన్‌గా ఉంది. – అహేరి తాలూకా నుంచి ఒక పాఠకుడు

జవాబు: చెప్పండి. ఇవాళే చెప్పండి. మీరు ఒక్కరే వెళ్ళడం భయమైతే సర్పంచ్, పోలీస్ పాటిల్‌తో కలిసి పదిమంది సంతకాలతో రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ తహసీల్దార్‌కు ఇచ్చి స్టాంపు వేయించుకోండి. ముందుగా ఫిర్యాదు చేసిన ఊరి మీద అనుమానం రాదు. గొయ్యి మీరు పూడ్చకండి, వాళ్ళు వచ్చి పంచనామా చేసేవరకు అలాగే ఉంచి చుట్టూ కంప వేయండి.

నంది కింద, లింగం కింద బంగారం ఉంటుందన్న మాట ఎన్ని గుళ్ళను కూల్చిందో చెప్పలేను. ప్రతిష్ఠ చేసేటప్పుడు కింద నవధాన్యాలు, చిన్న చిన్న రత్నాల ముక్కలు, రాగిరేకు వేసే ఆచారం ఉంది. దాన్నే జనం నిధి చేశారు. ఆ చిన్న మూట కోసం తవ్వితే గుడి బరువు మోసే నేల కదులుతుంది, రెండు వానలకు ఆ మూల కుంగుతుంది. నిజంగానే ఏదైనా దొరికినా అది తవ్వినవాడిది కాదు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. నిధి కోసమని మనుషులకు హాని కలిగించే అఘోరీ పూజల్లాంటివి చేస్తే 2013లో మహారాష్ట్ర తెచ్చిన చేతబడి నిరోధక చట్టం కింద అది వేరే నేరం. ఇది ఊళ్ళో అందరి ముందు, ముఖ్యంగా కుర్రాళ్ళ ముందు చదివి వినిపించండి. తవ్వేవాళ్ళకు దారి చూపించేది తరచుగా మన ఊరి కుర్రాడే.

ప్రశ్న: భిన్నమైన విగ్రహం ఊళ్ళో ఉంటే అరిష్టమని, చెయ్యి విరిగిన మా ఊరి విష్ణుమూర్తిని పుష్కరాల్లో ప్రాణహితలో కలిపేద్దామని అనుకున్నారు, ఎలాగో అప్పుడు ఆగింది. మళ్ళీ అదే మాట లేస్తోంది. శాస్త్రం ఏమంటుంది?

జవాబు: భిన్నమైన మూలవిరాట్టుకు నిత్యపూజ చేయకూడదని, కొత్తది ప్రతిష్ఠించి పాతదాన్ని నీళ్ళలో విడిచిపెట్టాలని ఆచారం ఉన్నమాట నిజమే. మీ పెద్దలు అబద్ధం చెప్పడం లేదు. కానీ పూజకు పనికిరానిది అంటే పారేయాల్సినది అని కాదు. చేయి విరిగిన తాతను నదిలో వదలం కదా. పూజకు కొత్త మూర్తిని పెట్టుకోండి, పాత స్వామిని మండపంలో ఒక పక్కన, గోడకు ఆనించి, తడి తగలకుండా నిలబెట్టండి.

వందేళ్ళు దాటిన శిల్పం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమ్మడం, దేశం దాటించడం మీ ఇష్టం కాదు. దాచే చోటు లేకపోతే నాగపూర్‌లో 1863 నుంచి ఉన్న సెంట్రల్ మ్యూజియం ఉంది, జనం అజబ్ బంగ్లా అంటారు, కలెక్టరు ద్వారా వాళ్ళను అడగొచ్చు. ఊళ్ళోనే ఉంటే బాగుంటుందని నా కోరిక, కానీ కాపలా లేని చోట ఉంచి పోగొట్టుకోవడం కంటే అది నయం.

ఒక్క పని మాత్రం ఈ వారంలోనే చేయండి. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి ఫొటోలు తీసి, ఎత్తు వెడల్పు కొలిచి, విరిగిన చోట్లు విడిగా తీసి, తేదీ వేసి నలుగురి దగ్గర ఉంచండి. తమిళనాడులోని శ్రీపురంతాన్ గుడి నుంచి దొంగలు ఎత్తుకెళ్ళిన నటరాజు ఆస్ట్రేలియాలోని ఒక మ్యూజియం దాకా వెళ్ళాడు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ వాళ్ళు గుడిలో ఉండగా తీసి దాచిన ఫొటోలతో పోల్చి చూపించగలిగారు కాబట్టి 2014లో తిరిగి ఇచ్చారు. ఫొటో లేని దేవుణ్ణి మాదే అని ఏ కోర్టులో చెప్పగలం?

ప్రశ్న: బల్లార్షా నుంచి రాస్తున్నాం. చంద్రపూర్‌లో మహాకాళి యాత్రకు వెళ్ళినప్పుడల్లా లాల్‌పేట దగ్గర నేల మీద పడి ఉన్న పెద్ద పెద్ద రాతి విగ్రహాలు చూస్తుంటాం. గుడి కూలిపోయి అవి మిగిలాయా? కోమట్లు చేయించారంటారు, నిజమేనా?

జవాబు: కూలిపోలేదండీ, అసలు కట్టలేదు. రాయప్ప అనే కోమటి వ్యాపారి పెద్ద శివాలయం కట్టాలని ముందు విగ్రహాలు చెక్కించాడని, గుడి లేవకముందే ఆయన చనిపోయాడని చంద్రపూర్‌లో చెబుతారు. గోడలు లేవు, కప్పు లేదు, దేవుళ్ళు మాత్రం ఉన్నారు. ఒక్కొక్కటి ఒకే రాయి, పది తలల దుర్గ విగ్రహం పక్కన మనిషి నిలబడితే మనిషి కనిపించడు. అంత బరువును కదిపే దారి లేకపోవడం వల్లే అవి ఇంకా అక్కడ ఉన్నాయని నాకనిపిస్తుంది. ఇవీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోవే.

రాయప్ప పేరు వింటేనే ఆయన మనవాడని తెలుస్తుంది. తెలుగు నేల నుంచి ఎప్పుడు వచ్చాడో, ఎన్నాళ్ళు కూడబెట్టాడో, ఆ శిల్పులకు ఏ భాషలో పని చెప్పాడో అని అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ ఆలోచిస్తాను. మీరు ఈసారి చైత్రంలో యాత్రకు వెళ్ళినప్పుడు పిల్లలను తీసుకెళ్ళి ఈ కథ చెప్పండి. విగ్రహాల మీదికి ఎక్కి ఫొటోలు దిగనివ్వకండి, నూనె, కుంకుమ పోసేవాళ్ళు కనిపిస్తే పక్కన పోయమని మెల్లగా చెప్పండి. బల్లార్షా నుంచి ఎంతో దూరం కాదు కదా, వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి వెళ్ళి, నిలబడిన చోటే నిలబడి అవే విగ్రహాల ఫొటోలు తీసి పెట్టండి. రెండు మూడేళ్ళవి పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మొహం ఎంత అరిగిందో తెలుస్తుంది. అవి నాకు పంపండి, వచ్చే ఏడాది ఇదే నెలలో ఈ పేజీలో వేద్దాం.